నేలక్రింది వాయువు, నేలమీది సంతకము

కృష్ణా తుంగభద్రల నడుమనున్న మా నడిగడ్డలో, మానవపాడు రైలుస్టేషను మొదలు అలంపురము వరకు పరచుకొన్న నల్లరేగడిని చూచినవారికి ఆ నేలక్రింద నేమున్నదను ప్రశ్న తోచదు. మిరపకు ధర పలుకునా, పత్తికి తెగులు సోకునా, రాజోలిబండ మళ్లింపు పథకపు (ఆర్డీయెస్) కాలువనీరు చివరి పొలమునకు చేరునా అనునవే ఇచ్చటి రైతునకు నిదుర పట్టనీయని చింతలు. ఐనను పైపులైను కొరకో, సౌరఫలకముల కొరకో కాగితములు పట్టుకొని మన గట్టుమీదికి వచ్చువారు ఒకనాడు రాకపోరు. కావున సహజవాయువు దొరకిన సీమలలో భూమిగలవారి కేమి జరిగినదో ఇప్పుడే విచారించుకొనుట మేలు.

అమెరికాలో భూమిగలవానికి సాధారణముగా భూగర్భమందలి వాయువుపైనను హక్కు కలదు. పెన్సిల్వేనియాలోని మార్సెల్లస్ శిలాస్తరములలో వాయువు కొరకు 2008 ప్రాంతమున కంపెనీల మనుష్యులు ఇల్లిల్లు తిరిగినపుడు, ముందుగా ఒంటరిగా సంతకము చేసినవారిలో పలువురు స్వల్పధనమునకే లీజు వ్రాసియిచ్చిరి. ఇరుగుపొరుగు పొలములవారు వేల ఎకరములను ఒక్క మాటమీదికి తెచ్చి, ఒకే న్యాయవాదిని పెట్టుకొని బేరమాడినచోట్ల ధరయు పెరిగెను, త్రాగునీటి రక్షణకు షరతులును చేరెను.

మన దేశమున ఆ త్రోవ లేదు. 1948 నాటి చమురుక్షేత్రముల చట్టము, దాని క్రింది నియమముల ననుసరించి లీజు నిచ్చునది ప్రభుత్వము, రాయల్టీ గైకొనునదియు ప్రభుత్వమే. కోనసీమలో కొబ్బరితోట గల రైతునకు తన కాళ్లక్రింది వాయువుపై వచ్చు రాయల్టీలో కాసైనను లేదు; తోట పైభాగమును వాడుకొన్నందులకే అతనికి ముట్టునది. కష్టమున మాత్రము మొదటి వంతు అతనిదే. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్జీసీ బావి అదుపు తప్పి 65 దినములు మండినది. 2014 జూన్ 27 వేకువను మామిడికుదురు మండలపు నగరం గ్రామములో గెయిల్ పైపునుండి వెడలిన వాయువు అంటుకొని ఇరువదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి.

పైపులైను పోవు భూములకు 1962 నాటి చట్టము వర్తించును. పట్టా రైతు పేరనే యుండును; పైపు వేయుటకు నేలను వాడుకొను హక్కు మాత్రమే తీసికొందురు. కాని పైపు పోయిన మేర ఇల్లు కట్టరాదు, బావి త్రవ్వరాదు, చెట్టు నాటరాదు. పంటనష్టము గాక ఆ వినియోగహక్కునకు ఇచ్చునది ప్రకటననాటి భూమివిలువలో నూటికి పది. తన చేనిలో తన మనుమడు సైతము బోరు వేసికొనలేని శాశ్వతనిర్బంధమునకు పదింట నొకవంతు వెలకట్టుట అన్యాయమనియు, పార్లమెంటు దానిని సవరింపవలెననియు నేను నిస్సంకోచముగా చెప్పుచున్నాను. అభ్యంతరము తెలుపుటకు గడువు ప్రకటననాటినుండి 21 దినములే.

ఇరువదియొక్క దినములలో ఒక కుటుంబము ఒక్క మాటపైకి రాగలదా? పాసుపుస్తకము పెద్దన్న పేర నుండును. తమ్ముడు హైదరాబాదులో, చెల్లెలు రాయచూరులో అత్తవారింట నుందురు. 1985 నాటి రాష్ట్రసవరణయు, 2005 నాటి కేంద్రసవరణయు ఉమ్మడి ఆస్తిలో ఆడబిడ్డకు సమానభాగము కల్పించినను, కాగితము వచ్చిననాడు ఆమెను పిలిచి అడుగువా రరుదు. అన్న ఒక్కడే సంతకము చేయును. దాయాదులు కోర్టు కెక్కుదురు. ఆ వ్యాజ్యము తేలులోపల పైపు పూడ్చి కంపెనీ ముందుకు సాగిపోవును.

అందరు ఒక్క మాటపైకి వచ్చులోపలనే నేల చేజారుట మా సీమకు తెలియని సంగతి కాదు. శ్రీశైలజలాశయము నిండినపుడు అలంపురము, కొల్లాపురము ప్రాంతముల గ్రామములు మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమునకు తెచ్చి తిరిగి నిలిపిరి. ఊళ్లను అట్లు నిలుపలేకపోయిరి. కుటుంబమునకొక ఉద్యోగమన్న 1986 నాటి 98వ జీవో కొరకు నిర్వాసితులు దశాబ్దములు తిరిగిరి. వారిలో పలువురు సంఘముగా కూడినది నేల నీటిపాలైన తరువాత. ముంపు గుర్తులు పాతుచున్ననాడే కూడియుండినచో వారి మాటకు మరింత బలముండెడిదని నా నమ్మకము.

కనుక నేను కోరునది పెద్దపని కాదు. గ్రామపంచాయతీలో ఒక పుస్తకము తెరచి, ప్రతి సర్వే నంబరునకు ఎదురుగా పట్టాదారుని పేరే గాక ఆడబిడ్డలతో సహా భాగస్తులందరి పేర్లును, ఫోను నంబర్లును వ్రాయవలెను. ఎట్టి లీజు పత్రమైనను, నోటీసైనను గ్రామసభలో తెలుగున చదివి వినిపించిన పిమ్మటనే సంతకమని ఊరివారు కట్టుబడవలెను. మిరపకోతలు ముగిసి కళ్లములు ఖాళీయైన వెంటనే మానవపాడులో ఆ పుస్తకము మొదలుపెట్టవచ్చును.