చల్లని నీడ, చల్లని నీరు

ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే మన ఇళ్ళలో వేసవి కాలు పెట్టినట్లే. మార్చి నడిమి దాటగానే పిల్లలు పొద్దున్నే బడికి వెళ్ళి మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరుతారు. రోడ్డు పక్కన కుమ్మరులు కూజాలను, కుండలను బారులు తీరుస్తారు. కూరగాయల బండి మీద పుల్లమామిడి కనిపిస్తుంది. అస్ర్ నమాజు వేళకు మల్లెమొగ్గల బుట్టలు వీధిలోకి వస్తాయి. రోళ్ళు పగిలే రోహిణీ కార్తె రావటానికి ఇంకా రెండు నెలల గడువు ఉంటుంది. ఎండ ఉంటుంది గాని, వడగాడ్పు ఇంకా మొదలు కాదు. పగలు వేడెక్కినా రాత్రికి చల్లబడుతుంది.

ఈ కొద్ది వారాలను మనలో చాలామందిమి రాబోయే ఎండలను తలచుకుంటూనే గడిపివేస్తాము. కూలరు బాగు చేయించాలి, కరెంటు బిల్లు పెరుగుతుంది, సెలవులలో పిల్లలతో ఎలా వేగాలి అనే ఆలోచనలలో తొలివేసవి మన కళ్ళ ముందే జారిపోతుంది. అది మన ఇంటి ముంగిట పెట్టి వెళ్ళే చిన్న చిన్న సుఖాలను ఈ నెల ఒక్కసారి నిదానంగా చూద్దాము.

అవి చిన్నవే గాని, లెక్కకు రానివి మాత్రం కావు. తిర్మిజీ హదీసు సంకలనంలోని ఒక సంఘటన మనలో చాలామందికి తెలిసినదే. ఆకలి బాధతో ఒకనాడు దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (ర), హజ్రత్ ఉమర్ (ర) ఇంటి నుండి బయటికి వచ్చారు. ముగ్గురూ కలిసి అబుల్ హైసమ్ (ర) అనే అన్సారీ సహాబీ ఇంటికి వెళ్ళారు. ఆయన అప్పుడు మంచినీళ్ళు తేవటానికి వెళ్ళి ఉన్నారు. రాగానే సంతోషంతో అతిథులను తోటలోకి తీసుకువెళ్ళి, చాప పరచి, ఖర్జూరపు గెల కోసి ముందు పెట్టారు. వారు ఆ పండ్లు తిని, నీళ్ళు త్రాగారు. అప్పుడు దైవప్రవక్త (స) చల్లని నీడ, మంచి తాజా ఖర్జూరం, చల్లని నీరు అనే ఆ మూడింటి పేర్లూ చెప్పి, ప్రళయదినాన ప్రశ్నించబడే అనుగ్రహాలలో ఇవి ఉన్నాయని తెలియజేశారు.

నీడ, పండు, నీరు. మన తొలివేసవి కూడా ఈ మూడే కదా! ఈ మూడింటిలో ఏదీ తొందరపడేవారికి దక్కదు. ప్రతిదానికీ కొంత నిరీక్షణ కావాలి.

మొదట నీటి సంగతి చూద్దాము. మట్టికుండ గోడలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయి. వాటి గుండా నీరు కొద్దికొద్దిగా బయటికి ఊరి, గాలి తగిలి ఆవిరి అవుతుంది. అందుకు కావలసిన వేడిని అది కుండనుండి, లోపల మిగిలిన నీటినుండి తీసుకుంటుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావటానికి దాదాపు 580 కేలరీల వేడి అవసరం. అంటే ఒక్క గ్రాము తాను ఆవిరైపోతూ 58 గ్రాముల నీటిని 10 డిగ్రీల మేర చల్లబరచగలదన్నమాట. పొడిగాలి వీచే కర్నూలు, కరీంనగర్‌లలో కుండనీరు బాగా చల్లబడుతుంది. గాలిలో తేమ నిండిన మచిలీపట్నం, కాకినాడలలో అంతగా చల్లబడదు. కొత్త కుండను ఒక రాత్రంతా నీటిలో నానబెట్టాలి. సబ్బు తగలనీయకూడదు, మట్టి దానిని పీల్చుకుంటుంది. వెలుపల రంగు పూసిన కుండ అందానికే గాని, చెమ్మను బయటికి రానీయదు. కిటికీ దగ్గర, తడి ఇసుక మీద కుండను నిలిపి, ఇషా నమాజు తరువాత నింపితే ఫజ్ర్ వేళకు నీళ్ళు సిద్ధంగా ఉంటాయి. గుప్పెడు వట్టివేళ్ళు వేస్తే ఆ పరిమళం వేరు.

రాత్రంతా నిలిచిన నీటి రుచి ఎడారివాసులకు బాగా తెలుసు. దైవప్రవక్త (స) ఒక సహచరునితో కలిసి ఒక అన్సారీ తోటకు వెళ్ళినప్పుడు, తోలుతిత్తిలో రాత్రి నిలిచిన నీళ్ళున్నాయా అని అడిగినట్లు బుఖారీలో ఉన్నది. తోటకు నీళ్ళు పారిస్తున్న ఆ వ్యక్తి అతిథులను పందిరి క్రిందికి తీసుకువెళ్ళి, ఆ నీటిని పాత్రలో పోసి, దానిలోకి మేకపాలు పితికి ఇచ్చారు. ఫ్రిజ్ ఉండటంలో తప్పేమీ లేదు. అయితే ఫ్రిజ్‌లోని సీసాను ఎవరికి వారు తలుపు తెరచి, నిలబడి త్రాగి వెళ్ళిపోతారు. కుండ దగ్గర మాత్రం ఒకరు ముంచి మరొకరికి అందించాలి. కూర్చుని, మూడు గుక్కలుగా త్రాగే అలవాటు పిల్లలకు అక్కడే సులభంగా అబ్బుతుంది.

ఇక పండ్లు. పచ్చిమామిడి వచ్చిందంటే పప్పులో చింతపండుకు సెలవు. కైరీ దోప్యాజా వండిన రోజున వీధి మలుపులోనే ఆ వాసన తెలుస్తుంది. ఏప్రిల్‌లో తాటిముంజెలు వస్తాయి. లేత ముంజెను బొటనవేలితో నొక్కి, నీళ్ళు చిమ్మకుండా తినటం ఒక విద్య. తాతగారు నేర్పితే తప్ప పిల్లలకు రాదు. నాలుగు రోజులు ఆలస్యమైతే ముంజె ముదిరి గట్టిపడుతుంది. మామిడిపండు కథ దీనికి విరుద్ధం. అక్కడ ఆగటమే మేలు. బంగినపల్లి పుట్టినిల్లయిన బనగానపల్లె నంద్యాల జిల్లాలో ఉన్నది. ఆ పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అటువంటి పండును కూడా కార్బైడుతో రాత్రికి రాత్రి పసుపురంగుకు తెచ్చి అమ్మేవారున్నారు. చట్టం దానిని నిషేధించింది. దోర కాయలు తెచ్చి, ఎండుగడ్డిలో మాగవేసి, రోజూ పిల్లల చేత తడిమి చూపించి, వాసన చూపించి, పండినవి ముందుగా తీస్తూ తినే ఇంటిలో పండు రుచితో పాటు సహనం కూడా పిల్లల వంటికి పడుతుంది. పుచ్చకాయను తాజా ఖర్జూరంతో కలిపి తింటూ, ఒకదాని వేడిని మరొకదాని చలువ తగ్గిస్తుందని దైవప్రవక్త (స) చెప్పినట్లు హజ్రత్ ఆయిషా (ర) తెలిపారు. ఈ పండ్లను ఇఫ్తారు వేళకే పరిమితం చేయనవసరం లేదు.

మూడవది నీడ. ఒక ప్రయాణంలో ముఅజ్జిన్ జుహ్ర్ అజాన్ ఇవ్వబోగా, కాస్త చల్లబడనీయమని దైవప్రవక్త (స) ఆపారు. మట్టిదిబ్బల నీడలు కనిపించేవరకూ వేచి ఉన్నామని హజ్రత్ అబూజర్ (ర) చెప్పారు. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు మనిషికి ఊపిరి తీసుకునే వ్యవధినిచ్చే ధర్మం మనది. మధ్యాహ్నం కొద్దిసేపు నడుము వాల్చే ఖైలూలా కూడా అటువంటిదే. దివ్యఖుర్‌ఆన్‌లోని నూర్ సూరా, ఇంటివారి ఏకాంతాన్ని గౌరవించవలసిన మూడు వేళలలో మధ్యాహ్న విశ్రాంతి వేళను కూడా చేర్చింది. కిటికీలకు తడి తెరలు వ్రేలాడదీసి, ఫోన్లను మరో గదిలో ఉంచి, ఇల్లంతా ఒక గంట నిశ్శబ్దంగా ఉంటే, సాయంత్రం ఒకరి మీద ఒకరు విసుక్కోవటం ఎంత తగ్గుతుందో ఆచరించి చూడవచ్చు.

మగ్రిబ్ తరువాత డాబా మీద చాపలు పడతాయి. పగలంతా కాగిన గచ్చు మీద రెండు బకెట్ల నీళ్ళు చల్లితే చాలు, ట్యాంకు ఖాళీ చేయనవసరం లేదు. దాదీ తన చిన్ననాటి ఊరి ముచ్చట్లు చెప్పేది గదిలో కాదు, ఇక్కడే. పిట్టగోడ లేని డాబా మీద నిద్రించవద్దన్న హదీసును మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇంతవరకు చెప్పిన సుఖాలన్నీ ఎవరి చేతుల మీదుగా వస్తున్నాయి? ఇక్కడ మనం కాస్త ఆగి ఆలోచించాలి. కుండ నింపేది అమ్మీ. సబ్జా గింజలు నానబోసేది, నిమ్మకాయలు పిండేది అమ్మీ. అందరూ ఖైలూలాకు ఒరిగినప్పుడు గిన్నెలు కడిగేది, అందరూ డాబా ఎక్కినప్పుడు పొయ్యి దగ్గర రొట్టెలు కాల్చేది కూడా ఆమే. తొలివేసవి అంటే ఆవకాయలు, వడియాలు, ఏడాది కారాలు దంచించే కాలం కూడా. బయటి ఎండ నుండి తప్పించుకొని వచ్చిన వారికి చల్లని గ్లాసు అందించే మనిషి, పొయ్యి వేడిలో నిలబడే ఉంటుంది. ఒకరి విశ్రాంతిని ఖర్చు చేసి మిగిలినవారు అనుభవించే సుఖాన్ని ఇంటి సుఖమని ఎలా అనగలము? అనుగ్రహాల గురించి ప్రశ్నించబడే దినాన, ఈ పంపకం గురించి కూడా జవాబు సిద్ధం చేసుకోవలసి ఉంటుంది.

దైవప్రవక్త (స) ఇంటిలో ఉన్నప్పుడు ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి సేవలో ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (ర) చెప్పారు. ఈ సున్నత్‌ను ఆచరించటానికి వేసవి సెలవులకు మించిన అదను ఉండదు. రాత్రి కుండ నింపటం కొడుకుల పని కావాలి. మధ్యాహ్నం గిన్నెల వంతు అబ్బాది కావాలి. చాపలు పరచటం, తిరిగి చుట్టటం పిల్లలది కావాలి. రాత్రి వంటను అస్ర్ లోపు ముగించుకునే సాదా భోజనానికి, అంటే ఖట్టీదాల్, అన్నం, పెరుగు పచ్చడికి ఇంటిల్లిపాదీ సమ్మతించాలి. షర్బత్ కలిపిన మనిషి కూర్చున్న తరువాతే మొదటి గ్లాసు ఎత్తాలనే నియమం పెట్టుకుంటే, దానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు.

గుమ్మం ముందు మరొక కుండ, ప్రహరీ మీద పిట్టలకు ఒక మూకుడు ఉంచటం కూడా మరువవద్దు. రేకుల ఇంటిలో కాపురముండే వారికి, చెత్తబండి తోలే వారికి, ఇంటింటికీ సరుకులు చేర్చే యువకులకు తొలివేసవిలో కూడా మధ్యాహ్నం మధ్యాహ్నమే. మనకు దొరికిన నీడలో వారికీ కొంత చోటు ఉన్నది.

నీటిని నిదానంగా త్రాగి, పండును పంచుకొని తిని, నీడలో అందరమూ కలిసి కూర్చుని, ప్రసాదించినవానికి కృతజ్ఞతలు తెలుపుకునే భాగ్యాన్ని అల్లాహ్ మన ఇళ్ళన్నిటికీ అనుగ్రహించుగాక! ఆమీన్.