రిపోర్టు నార్మల్.. పేగు ఇరుకు!

తిన్న కాసేపటికే బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి. ఉబ్బరం, గుడగుడలు, ఒక్కోసారి వాంతి. పాతబస్తీలో షాలిబండ నుంచి యాకుత్‌పురా దాకా ఇలాంటి బాధను ‘గ్యాస్’ అనుకుని మాత్రతో సరిపెట్టుకునే వారెందరో. నొప్పి తగ్గక రక్తపరీక్ష చేయించుకుంటే సీఆర్‌పీ నార్మల్ అని రావొచ్చు. ‘హమ్మయ్య, ఏమీ లేదు’ అనుకుంటారు. క్రాన్స్ జబ్బు ఉన్నవారికి ఈ ఊరటే ముప్పు తేవొచ్చు.

పేగుపూతలో ప్రధానంగా రెండు రకాలు: అల్సరేటివ్ కొలైటిస్, క్రాన్స్. క్రాన్స్‌లో వాపు పేగు గోడ మందమంతా పాకుతుంది. అది తగ్గుతూ, మళ్లీ వస్తూ ఉంటే గాయం మానిన చోట చర్మం బిరుసెక్కినట్టే పేగు గోడలోనూ కొలాజెన్ పేరుకుని మచ్చ కడుతుంది. దారి ఇరుకవుతుంది. వాపును మందులతో తగ్గించొచ్చు. ముదిరిన మచ్చను కరిగించే మందు మాత్రం ఇంకా రాలేదు. అప్పుడిక బెలూన్‌తో వెడల్పు చేయటమో, ఆపరేషనో తప్పదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. రక్తంలో సీఆర్‌పీ, మలంలో కాల్‌ప్రొటెక్టిన్.. ఈ రెండూ చెప్పేది వాపు గురించే. మచ్చ గురించి కాదు. మచ్చను ముందే పసిగట్టే బయోమార్కర్ కోసం కొలాజెన్ తునకలు, మైక్రో ఆర్‌ఎన్‌ఏల వంటి వాటిపై పరిశోధనలు సాగుతున్నాయి. ఏదీ ఇంకా రోజువారీ వైద్యంలోకి రాలేదు. పాశ్చాత్య దేశాల్లో పేగు ఇరుకుతో ముడిపడిన నాడ్‌2 జన్యు మార్పులు మన దేశంలో చాలా అరుదు. అందువల్ల అక్కడ పనికొచ్చిన పరీక్ష ఇక్కడా పనికొస్తుందన్న భరోసా లేదు.

మనకు మరో మెలిక కూడా ఉంది. క్షయ సైతం తరచూ అదే చోట, చిన్నపేగు పెద్దపేగు కలిసే దగ్గర, పేగును ఇరుకు చేస్తుంది. క్రాన్స్‌ను క్షయగా పొరబడి నెలల తరబడి మందులు వాడితే ఆలోగా మచ్చ ముదిరిపోతుంది. అందుకే క్షయ మందులు మొదలెట్టిన రెండు మూడు నెలలకు మళ్లీ కొలనోస్కోపీ చేసి, పుండ్లు మానుతున్నాయో లేదో చూడాలి.

ఇది నగరాల జబ్బని కొట్టిపారేయటానికీ లేదు. హైదరాబాద్‌లోని ఏఐజీ వైద్యులు 30 వేల మందికి పైగా బాధితులను కొలనోస్కోపీతో పరీక్షించి 2023లో వెల్లడించిన అధ్యయనంలో పల్లెల్లోనూ, పట్టణాల్లోనూ పేగుపూత దాదాపు ఒకే తీరుగా కనిపించింది. అంతటి అధ్యయనం చేయగలిగిన నగరం మన రోగుల నమూనాలతో మచ్చ బయోమార్కర్లనూ వెతకగలదు. అందులో కార్పొరేట్ ఆసుపత్రులకు వచ్చేవారే కాదు, మూసీ ఒడ్డున ఉస్మానియా ఓపీలో వరుస కట్టే పేదలూ ఉండాలి. కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష, పేగుల ఎంఆర్‌ఐ వారికి ఉచితంగా, సకాలంలో అందాలి. పరీక్ష ఆలస్యమైన కొద్దీ ఆపరేషన్ దగ్గరవుతుంది.

అందాకా బాధితులు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. తిన్న ప్రతిసారీ నొప్పి, ఉబ్బరం వస్తుంటే, బరువు తగ్గుతుంటే రిపోర్టు నార్మల్‌గా ఉన్నా ఊరుకోవద్దు. ‘పేగు ఇరుకైందేమో స్కాన్‌లో చూస్తారా?’ అని డాక్టర్‌ను అడగండి. నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. కాస్త కుదుటపడగానే పేగుపూత మందులు మానెయ్యొద్దు. ఆగని వాంతులతో పాటు మలం, గ్యాస్ పోవటమూ నిలిచిపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.