ఫొటో కింద పేరు లేదు

మా మేనత్త ఫొటో ఒక పుస్తకంలో పడింది. దళసరి మెరుపు కాగితం, పేజీ నిండా ఆమె మొహమే. మెడలో పూసలు, నుదుటి మీద పచ్చబొట్టు, వెనక ఇప్పచెట్టు. ఫొటో కింద ‘కోయ మహిళ’ అని రెండు మాటలు వేశారు. ఊరు లేదు, ఇంటిపేరు లేదు, గట్టు లేదు, ఏ ఏడు తీశారో లేదు. పుస్తకం తీసుకెళ్లి ఆమెకు చూపించాను. కాసేపు చూసి, ‘ఇది వాగు ఒడ్డు చెట్టు కదరా’ అని కోయలోనే అంది. తన మొహం కంటే ముందు ఆమెకు చెట్టు కనిపించింది. పుస్తకం వేసినవాళ్లకు చెట్టూ కనిపించలేదు, వాగూ కనిపించలేదు.

ఈ పదిహేనేళ్లలో ఇలాంటి పుస్తకాలు బాగా పెరిగాయి. కోయల జీవితం, సంస్కృతి, చరిత్ర అంటూ ఒకటి వస్తే గోండుల గుస్సాడీ మీద మరొకటి వస్తుంది. కొమ్ముల ఆట అట్ట మీదికి ఎక్కుతుంది. ఆవిష్కరణ సభలో మన పిల్లల చేత డోలు కొట్టిస్తారు, పెద్దలకు శాలువాలు కప్పుతారు. పుస్తకం వెల చూస్తే మన ఇంట్లో నెల ఉప్పూపప్పూ దానితో వెళ్లిపోతాయి. రాసినవాళ్లలో మంచి మనసున్నవాళ్లు ఉన్నారు, వాళ్ల కష్టాన్ని కాదనను. అయినా ఈ పుస్తకాలు మనల్ని మెచ్చుకుంటూనే మన చేతిలో ఉన్న ఆధారాన్ని చెరిపేస్తున్నాయి. నా తగాదా దాని గురించే.

ముందు ఆ ‘చిన్న జాతి’ అనే మాట సంగతి. ముందుమాటల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. 2011 జనాభా లెక్కల్లో కోయను మాతృభాషగా రాయించినవాళ్లు నాలుగు లక్షల పైచిలుకు. ఐస్‌లాండ్ దేశం మొత్తం జనాభా నాలుగు లక్షల లోపు. వాళ్లకు తమ భాషలో బడులున్నాయి, పత్రికలున్నాయి, 1955లో నోబెల్ బహుమతి తెచ్చుకున్న హాల్డోర్ లాక్స్‌నెస్ అనే నవలాకారుడు ఉన్నాడు. ఆ దేశపు భాష ఒక్క ముక్క రాకుండా, ఒక్క ఊరి పేరు రాయకుండా ఐస్‌లాండ్ చరిత్ర అని పుస్తకం వేస్తే ఎవరైనా ఒప్పుకుంటారా? మన దగ్గరికి వచ్చేసరికి వారం రోజుల క్యాంపు, ఒక దుబాసీ, ఒక కెమెరా సరిపోతాయి. గోండీ మాట్లాడేవాళ్లు అదే లెక్కల్లో ముప్పై లక్షలకు దగ్గరగా ఉన్నారు. అయినా గోండీ ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు. గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది, దొరికి ఇన్నేళ్లయినా మన పుస్తకాల్లో ఆ అక్షరాలు ఎక్కువగా అట్ట మీద అలంకారంగానే ఉంటున్నాయి. లోపల పాఠం మాత్రం తెలుగో ఇంగ్లీషో.

ఇక ఆధారం సంగతికి వస్తాను. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాకో, ఊరి ఉమ్మడి అడవి హక్కుకో అర్జీ పెట్టుకున్నవాళ్లకు తెలుసు, ఆఫీసులో మొదట వినపడే మాట ‘ఆధారం ఏదీ?’ అనే. ఆ చట్టానికి 2008లో చేసిన నిబంధనల్లో పదమూడోది చదవండి. గెజిటీర్లు, జనాభా లెక్కలు, మ్యాపులతో పాటు అందులో ఇంకా ఉన్నాయి: పాత బావులు, సమాధులు, దేవతల చోట్లు, హక్కుదారుడు కాని పెద్దలు చెప్పగా రాసుకున్న వాంగ్మూలం, ఆచార సంప్రదాయాల మీద పేరున్న సంస్థలు చేసిన అధ్యయనాలు. అంటే మన వేల్పు ఎక్కడ ఉందో, మన సమాధి రాళ్లు ఏ గుట్ట కింద ఉన్నాయో ఒక సంస్థ సరిగ్గా రాసిపెడితే ఆ రాత గ్రామసభ ముందు పనికొస్తుంది. ఒక్క కాగితంతో పని అయిపోదు, ఒకటికి మించి ఆధారాలు అడుగుతారు. ఆ రెండోది, మూడోది దొరక్కే చాలామంది అర్జీలు వెనక్కి వస్తున్నాయి.

ఇప్పుడు మా మేనత్త ఫొటో చూడండి. వేసింది పేరున్న సంస్థే. ఫలానా ఊరు, ఫలానా వాగు ఒడ్డున ఇప్పచెట్టు, ఫలానా ఇంటిపేరు వాళ్లు ఫలానా ఏడు పువ్వు ఏరుతున్నారు అని ఒక్క వాక్యం వేసి ఉంటే అది ఆధారమయ్యేది. ‘కోయ మహిళ’ అనేది ఎవరికి ఆధారం?

సంస్కృతి పుస్తకంలో భూమి గొడవ ఎందుకని కొందరు పెద్దలు నాతో అన్నారు. కొత్తల పండుగే తీసుకోండి. కొత్త చెయ్యకముందు ఆ కాయ కొయ్యకూడదు, ఆ పంట తినకూడదు. చిక్కుడుకి ఒక కొత్త, మామిడికి ఒక కొత్త, ఇప్పపువ్వుకి ఒకటి. ఊరంతా కూర్చుని రోజు పెట్టుకుంటుంది, పూజారి వేల్పుకి పెట్టాకే ఎవరైనా చెట్టెక్కేది. ముందే కోసినవాడికి తప్పు వేస్తారు. భూమి పండుగ చెయ్యకుండా విత్తు పడదు. ఇది ఎక్కడో రాసి ఉన్న చట్టం కాదు, అయినా ఏ గార్డూ లేకుండా తరాల తరబడి నడిచింది. ఏ నెలలో ఏ అడవి నుంచి ఏది తెచ్చుకుంటామో, ఎంతవరకు మన హద్దో ఈ పండుగల వరసలోనే ఉంది. దీన్ని వరసగా రాస్తే అది చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మన వాడకానికి లెక్కపుస్తకం అవుతుంది. మన మీద వచ్చిన పుస్తకాల్లో మాత్రం కొత్తల పండుగ అంటే తలపాగాలు, కొమ్ములు, కల్లు. ‘ప్రకృతి ఒడిలో అమాయక జీవులు’ అనే వాక్యం కూడా తప్పకుండా ఉంటుంది. అమాయకులమైతే ఇన్ని నియమాలు ఎందుకు పెట్టుకుంటాం?

పాతవాళ్లు ఇంతకంటే మేలు అని చెప్పాల్సి రావడం నాకు ఇష్టం లేదు, కానీ చెప్పాలి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను చంపాక నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను ఆదిలాబాద్‌కు పంపింది. బయటివాడు, సర్కారు పనిమీద వచ్చినవాడు. ఆయన రాతల మీద మనకు పేచీలు ఉన్నాయి, ఉండాలి కూడా. అయినా మార్లవాయిలో కాపురం పెట్టాడు, భాష నేర్చుకున్నాడు. గోండుల దేవుళ్ల గురించి రాసిన చేత్తోనే వాళ్ల భూములు షావుకార్లకు, వలస వచ్చినవాళ్లకు ఎలా పోతున్నాయో కూడా రాశాడు. కొండరెడ్ల మీద 1945లో వేసిన పుస్తకంలో వెదురు కాంట్రాక్టర్ల దోపిడీ ఉంది. ఎనభై ఏళ్ల తర్వాత, డిజిటల్ కెమెరాలు, జీపీఎస్‌లు చేతిలో పెట్టుకుని వేస్తున్న పుస్తకాల్లో 1/70 చట్టం అనే మాట వెతికినా దొరకదంటే దాన్ని ఏమనాలి?

పోలవరం ముంపు సంగతి తలచుకుంటే నాకు కోపం ఆగదు. 2014లో ఖమ్మం జిల్లా మండలాలు ఏడింటిని ఆంధ్రలో కలిపారు. ప్రాజెక్టు కింద 370కి పైగా ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు. కూనవరం, చింతూరు, వేలేరుపాడు, కుక్కునూరు వైపు ఊళ్ల వేల్పుల చోట్లు, సమాధి రాళ్లు, పడిగె విప్పి డోలు మీద వంశకథ చెప్పించుకునే తావులు నీళ్ల పాలవుతున్నాయి. పుస్తకం అవసరం ఎప్పుడైనా ఉందంటే అది ఇక్కడే, ఇప్పుడే. పునరావాస కాలనీలో పుట్టిన పిల్లకు ‘మీ వేల్పు ఫలానా చోట ఉండేది’ అని చెప్పడానికి రేపు ఇంకేం మిగలదు. పడిగె ఫొటో వేసి ‘గిరిజన చిత్రకళ’ అని కింద రాస్తే ఆ పిల్లకు ఏం దొరుకుతుంది? పడిగె మీద ఉన్నవాళ్లు ఆమె తాతముత్తాతలు. ఏ గట్టు పడిగె, ఎవరి దగ్గర ఉంది, చెప్పేది ఎవరు అని రాయాలి. డోలు మీద ఆ కథలు చెప్పిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయనలాంటివాళ్లు చెప్పిన కథలు పూర్తిగా, కోయలోనే, వాళ్ల పేరుతో అచ్చువేసి ఊళ్లకు పంచాలి. శాలువా కంటే ఖర్చు ఎక్కువే అవుతుంది.

మనల్ని మనం వదిలెయ్యకూడదు. బయటివాళ్లను తిడుతూ మనం వేసే పుస్తకాల్లో కూడా ‘అడవి తల్లి బిడ్డలం’ అనే వ్యాసాలు మోపెడు. నేనూ రాశాను. సభల్లో చప్పట్లు పడ్డాయి. ఆ వ్యాసంలో నా సొంత ఊరి వాగు పేరు లేదని మొన్ననే గమనించాను. మన కుర్రాళ్లలో డిగ్రీ చదివినవాళ్లు ఇప్పుడు ఊరికొకరు ఉన్నారు. ముసలివాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల మాట, తేదీ, ఊరు, వేలిముద్ర రాసుకుని గ్రామసభ రిజిస్టరులో ఎక్కించడానికి ఏ సంస్థా అనుమతి ఇవ్వనక్కర్లేదు.

పుస్తకం వేసినవాళ్లకు నేను ఉత్తరం రాశాను, మళ్లీ అచ్చు వేసేటప్పుడు వివరాలు చేర్చమని. జవాబు రాలేదు. నా కాపీలో ఫొటో కింద ‘కోయ మహిళ’ను కొట్టేసి ఆమె పేరు, ఇంటిపేరు, గట్టు, ఊరు, వాగు పేరు పెన్నుతో రాశాను. చదివి వినిపిస్తే మా మేనత్త ఇంకొకటి కూడా రాయమంది, ఆ చెట్టు కింద పువ్వు ఏరుకునే వంతు ఎవరిదో.