చూరు నీళ్ల లెక్క

‘గోడ మళ్ల నానింది కొడుకా!’

నెల్లికుదురులో తల్లి, చికాగోలో కొడుకు అనుకుందాం. ఆమెకు వానాకాలం ముసురు, అతనికి చలికాలం మంచు. ఇద్దరి బెంగా ఒక్కటే... కప్పు మీంచి దిగే నీళ్లు!

గూనపెంకుల ఇంటికి చూరే రక్ష. అయితే ఆ చూరు నీళ్లు ఏళ్ల తరబడి ఒకేచోట పడితే నేల గాడి పడుతుంది. చిందిన నీళ్లు మట్టిగోడ మొదలును తడుపుతాయి. నానిన గోడ ఏ రాత్రి కూలుతుందో తెలీదు. అందుకే ముసురు పట్టగానే పెద్దవాళ్లు మంచాన్ని గోడకు దూరంగా జరుపుతారు.

దోనె కడితే సరి! మరి ఖర్చెంత?

ముప్పై అడుగుల పొడవు, ఇరవై అయిదు అడుగుల వెడల్పు ఇల్లు తీసుకోండి. రెండు వైపులా చూరు కలిపి 60 అడుగులు. ఆరంగుళాల ప్లాస్టిక్ పైపు ఇరవై అడుగులది నిలువునా కోస్తే 40 అడుగుల దోనె వస్తుంది. అంటే రెండు పైపులు చాలు. రెండడుగులకొక ఇనుప పట్టీ చొప్పున 32 పట్టీలు కావాలి. వాటిని పెంకుకు కాదు, వాసానికి బిగించాలి. పది అడుగులకు అరంగుళం వాలు ఉండాలి. వీటికి తోడు చివర కిందికి దిగే పైపులు, ఇద్దరి కూలీ. ఈ చీటీ పట్టుకుని దుకాణానికి వెళితే ధర మీకే తెలుస్తుంది.

చికాగోలో పద్ధతి వేరు. అల్యూమినియం రేకు చుట్టను బండిలో తెచ్చి, ఇంటి ముందే అతుకు లేకుండా దోనెగా మలుస్తారు. అడుగుకు పది డాలర్లనుకున్నా 150 అడుగులకు 1500 డాలర్లు. అంత పోసినా మంచు ఊరుకోదు. ఇంట్లోని వేడి పైకి పాకి కప్పు మీది మంచును కరిగిస్తుంది. ఆ నీళ్లు చల్లటి చూరు దగ్గర మళ్లీ గడ్డకట్టి అడ్డుకట్ట అవుతాయి. వెనక నిలిచిన నీళ్లు ఇంట్లోకి కారతాయి. దీనికి మందు దోనె కాదు, వేడి పైకి పోకుండా అటక మీద మందంగా పరిచే పొర.

నెల్లికుదురులోనూ అంతే. అసలు పని దోనె దిగాక మొదలవుతుంది. పది మిల్లీమీటర్ల వాన పడితే ఈ ఇంటి మీద దాదాపు 700 లీటర్ల నీళ్లు! వాటిని గోడ మూలనే వదిలితే ఖర్చు పెట్టి గోడను తడిపినట్టే. కనీసం పదడుగుల అవతల ఇంకుడు గుంతకో, బట్టలకూ బర్రెలకూ పనికొచ్చే తొట్టికో మళ్లించాలి. తొలి వాన నీళ్లను బయటికి వదిలేయాలి. ఆకులు తీయకపోతే దోనె నిండి, ఆ బరువుకు వాసమే వంగుతుంది.

దోనెకూ ఓ హద్దుంది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో వరదకు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కంకరే కొట్టుకుపోయింది. అలాంటి వానకు ఏ దోనే ఆగదు. ఆ రాత్రి మట్టిగోడల ఇల్లు వదిలి గట్టి ఇంటికి చేరడమే మార్గం. కానీ ఏటా పడే మామూలు ముసుర్లలో గోడను కాపాడేది ఈ అర పైపే.

ఈసారి ఫోన్లో కొడుకు ‘ఎంతయితదమ్మా?’ అని అడిగేముందు ఇంకో మాట అడగాలి... ‘నీళ్లు ఎటు పోతయమ్మా?’

జవాబు దొరికితే నిచ్చెన వేయొచ్చు. ముసురు పట్టకముందే!