వాగుకు కట్టే అద్దె

ప్రబంధ కవులకు విధించిన అష్టాదశ వర్ణనలలో జలక్రీడ ఒకటి. ఆ పాఠం చెబుతుండగా నక్కవాగు ఒడ్డునున్న ఊరినుంచి వచ్చే విద్యార్థి ఒకడు లేచి, "మా వాగులో దిగితే కాళ్లు దురదలెత్తుతాయి సార్, ఇక క్రీడ ఎక్కడిది?" అన్నాడు. తరగతి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పటాన్‌చెరువు పరిశ్రమల మురుగు నక్కవాగులో కలిసి మంజీరకు చేరుతూ వచ్చింది. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాములదాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలోనైనా అంత ఉండదు! శుద్ధి చేసిన నీటి సంగతి ఇది.

"పరిశ్రమలు కావాలా, వాగు కావాలా?" అని గద్దించే మేధావులున్నారు. ఇది దొంగ ప్రశ్న. కార్మికునికి ఫ్యాక్టరీ కావాలి, అతని ఇంటికి మంచినీళ్లూ కావాలి. శుద్ధి ఖర్చు ఎవరు భరించాలన్నదే అసలు ప్రశ్న. యజమాని ఎగవేసిన ప్రతి రూపాయినీ రైతు పొలమూ, పశువూ, దేహమూ చెల్లిస్తున్నాయి.

ప్రభుత్వం ఎవరి పక్షాన నిలిచింది? జలకాలుష్య చట్టం 1974 నుంచీ ఉంది. ఫ్యాక్టరీలు వదిలే నీటిలో యాంటీబయాటిక్ అవశేషాలకు హద్దులు పెడుతూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది ప్రకటన వెలువడేసరికి ఆ హద్దులు మాయమైనాయి! 2024లో చట్టాన్నే సవరించి, అనేక నేరాలకున్న జైలుశిక్షను తొలగించి, 10 వేలనుంచి 15 లక్షల రూపాయలదాకా జరిమానా చాలునన్నది. ఉల్లంఘన సాగితే రోజుకు మరో 10 వేలు. కోట్లు గడించేవానికి ఇది శిక్షా? కాదు, వాగును వాడుకున్నందుకు కట్టే దినసరి అద్దె. దానిని కూడా సరుకు ధరలోనే కలిపేస్తాడు.

కావలసిన విధానం స్పష్టమే. శుద్ధి ఎగవేసి మిగుల్చుకున్న లాభాన్ని మించేటట్టు జరిమానా లెక్కగట్టాలి. ఉమ్మడి గొట్టంలో కలవకముందే ప్రతి ఫ్యాక్టరీ నీటినీ విడిగా కొలవాలి. లేకుంటే దోషి గుంపులో దాక్కుంటాడు. ఆ అంకెలు పంచాయతీ గోడమీద తెలుగులో రాయాలి. మందుల అవశేషాలకు హద్దు ఉండాలి. తెలిసి విషం వదిలినవానికి జైలూ ఉండాలి.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. "సాహిత్యం చెప్పుకునేవారికి ఈ గొడవ దేనికి?" అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. వాగు చచ్చిన ఊరి పిల్లలకు జలక్రీడ బోధించి జీతం తీసుకుంటున్నాం గనుక!