ఫీజు కట్టే ముందు బొమ్మ చూడండి

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడగానే హిందూపురం, ధర్మవరం, కదిరి పట్టణాల గోడల మీద రకరకాల కోర్సుల ప్రకటనలు వెలుస్తాయి. కొన్నేళ్లుగా వాటిలో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, క్యారెక్టర్ డిజైన్ అనే మాటలు తరచు కనబడుతున్నాయి. తెరమీద ఈగ పగ తీర్చుకోవడం, మాహిష్మతి కోట ఆకాశాన్నంటడం చూసిన పిల్లలకు ఆ చదువు మీద మోజు కలగడంలో వింత లేదు. తండ్రికి మాత్రం అది కంప్యూటరు కోర్సుల్లో ఒకటిగానే తోస్తుంది. కంప్యూటరు నేర్చిన పక్కింటి అబ్బాయి బెంగుళూరులో స్థిరపడ్డాడు గనుక మనవాడూ స్థిరపడతాడని, వేరుశనగ అమ్మిన డబ్బో, పొలం కుదువ పెట్టి తెచ్చిన డబ్బో తీసుకువెళ్లి కట్టేస్తాడు.

ఇక్కడ రెండు సంగతులు తెలుసుకోవలసి ఉంది. ఒకటి, ఇది మొదట బొమ్మ గీసే చదువు. కంప్యూటరు ఆ తరువాత వచ్చే పనిముట్టు. రెండు, ఈ రంగంలో సర్టిఫికెట్టు చూసి ఉద్యోగం ఇచ్చేవారు అరుదు. విద్యార్థి చదువుకునే రోజుల్లో చేసిన పనిని రెండు మూడు నిమిషాల చిత్రంగా కూర్చి చూపితే, దాన్ని బట్టి తీసుకుంటారు. కాబట్టి కోర్సులో పిల్లవాడు ఏం చేశాడన్నదే అతని ఆస్తి. ఈ రెండూ తెలియని తల్లిదండ్రులు రంగురంగుల కరపత్రం చూసి డబ్బు కడుతున్నారు. తెలిసినవారు బొమ్మ చూసి కడతారు.

ఏం నేర్పుతారు?

సినిమా తెరమీద ఒక్క సెకనులో 24 బొమ్మలు కదిలిపోతాయి. కన్ను వాటిని విడివిడిగా పట్టలేదు గనుక కదలిక అనిపిస్తుంది. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు, నిమిషానికి 720 బొమ్మలు గీయాలి. ఓపిక లేనివాడికి ఇక్కడే తేలిపోతుంది.

మొదటి పాఠం చాలాచోట్ల ఒకటే: బంతి నేలకు తగిలి ఎగరడం. చూడ్డానికి పసిపిల్లల పనిలా ఉంటుంది. కాని రబ్బరు బంతి ఒకలా ఎగురుతుంది, ఇనుప గుండు ఒకలా పడుతుంది. రెండూ గుండ్రమే, రంగు లేదు, మాట లేదు. కేవలం కదలికతోనే ఏది బరువో, ఏది తేలికో చూసేవాడికి తెలియాలి. ఆ తరువాత మనిషి నడక. అడుగు మోపడం, ఒళ్లు కొంచెం కుంగడం, రెండో కాలు దాటిరావడం, మళ్లీ లేవడం. వీటిని వరుసగా గీస్తే నడక అవుతుంది. నీళ్ల బిందె మోసే ఆమె నడక, బడికి ఆలస్యమైన పిల్లవాడి నడక, పంట పోయిన రైతు నడక ఒక్కటి కాదు. ఆ తేడాను గీసి చూపినవాడే ఈ విద్య నేర్చినవాడు.

డిస్నీ స్టూడియోలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ అనే ఇద్దరు చిత్రకారులు 1981లో రాసిన పుస్తకంలో ఈ విద్యకు 12 సూత్రాలు చెప్పారు. ఈనాటికీ ఈ చదువులో వాటినే పాఠంగా చెబుతారు. అవి మన రైతుకు తెలియనివి కావు. గొడ్డలితో కట్టె కొట్టేవాడు ముందు వెనక్కి వంగుతాడు. ఏ పనికైనా ముందు ఈ సన్నాహం చూపాలన్నది ఒక సూత్రం. పరుగెత్తే ఎద్దు ఠక్కున ఆగినా దాని గంగడోలు కాసేపు ఊగుతుంది. ఇది మరో సూత్రం. ఎద్దును రోజూ చూసేవాడికి, వీడియోలో మాత్రమే చూసినవాడికి ఈ పాఠంలో తేడా ఉంటుంది. ఆ మేరకు పల్లె పిల్లవాడు ఒక అడుగు ముందే ఉన్నాడు.

క్యారెక్టర్ డిజైన్ అంటే పాత్రకు రూపం కట్టడం. ఒకే పాత్రను ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి గీయాలి. కొలతలు ఎక్కడా మారకూడదు. నవ్వు, కోపం, భయం, సిగ్గు మొహంలో విడివిడిగా చూపాలి. బొమ్మ మొత్తాన్ని నల్లగా నింపేసినా ఎవరో గుర్తుపట్టగలిగితే ఆ రూపం కుదిరినట్టు.

విజువల్ ఎఫెక్ట్స్ పని వేరు. ఆకుపచ్చ గుడ్డ ముందు తీసిన నటుణ్ణి తీసుకువెళ్లి కొండమీద నిలబెట్టడం, నటుణ్ణి ఎగరేసిన తాళ్లను ఫ్రేము ఫ్రేములోనూ చెరిపేయడం, మనిషి అంచు వెంట గీత గీసి వెనక దృశ్యం నుంచి విడదీయడం ఇందులో ఉంటాయి. అయిదు సెకన్ల దృశ్యమంటే 120 ఫ్రేములు. 1957 నాటి 'మాయాబజార్'లో లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుని నోట్లోకి వెళ్లడం చూసి మన పెద్దలు అబ్బురపడ్డారు. కంప్యూటరు లేని ఆ రోజుల్లో మార్కస్ బార్ట్‌లే కెమెరాతో ఆ మాయ చేశారు. పనిముట్టు మారింది, వెలుగును, నీడను కనిపెట్టే కన్ను అప్పుడూ కావాలి, ఇప్పుడూ కావాలి.

ఇంట్లో ఉన్న పాఠం

ధర్మవరం మండలం నిమ్మలకుంట తోలుబొమ్మలను చూసినవారికి పైన చెప్పినవన్నీ కొత్తగా తోచవు. మేక తోలును శుభ్రం చేసి, పలచన చేసి, రూపం గీసి, రంగు వేస్తారు. నగలున్నచోట సన్నని రంధ్రాలు పొడుస్తారు. వెనక దీపం పెడితే ఆ నగలు మెరుస్తాయి. భుజం దగ్గర, మోచేతి దగ్గర తోలు ముక్కలను దారంతో కీళ్లుగా కడతారు. కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెరమీదికి రాగానే ఎవరో చెప్పనక్కరలేదు. నీడ చూసి పిల్లలు నవ్వుతారు. కంప్యూటరులో పాత్రకు ఎముకలు, కీళ్లు అమర్చడాన్ని రిగ్గింగ్ అంటారు. మన కళాకారుడు ఆ పని దారంతో చేస్తున్నాడు.

ఇది అభిమానంతో అంటున్న మాట కాదు. జర్మనీకి చెందిన లాట్టె రైనిగర్ అనే మహిళ అట్టముక్కలు కత్తిరించి, కీళ్లు కట్టి, నీడబొమ్మలతో 1926లో 'ప్రిన్స్ అఖ్మద్ సాహసాలు' అనే పూర్తి నిడివి చిత్రం తీశారు. నేడు మిగిలి ఉన్న పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాలన్నిటిలోకీ అదే పాతది. ఆంధ్ర తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిమ్మలకుంట కళాకారులు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. అయినా ఆట ఆడించేవారు తగ్గి, ఆ చేతులు దీపాలకు తొడిగే గుడ్లు చేసి అమ్ముకోవలసి వస్తున్నది. పాత్రల రూపకల్పన నేర్చుకోవడానికి లక్షలు కట్టి మన పిల్లలు పట్నం పోతున్నారు. పాత్రలకు తరతరాలుగా రూపం కడుతున్నవారి దగ్గరికి ఒక్కరోజైనా వారిని పంపాలన్న ఆలోచన ఏ బడికీ రాకపోవడం శోచనీయం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమవుతున్నది.

సంపాదన మాటేమిటి?

'బొమ్మలు కూడు పెడతాయా?' అని అడిగే తండ్రిని తప్పుపట్టనక్కరలేదు. జవాబు కూడా నిజాయితీగానే చెప్పాలి. పెడతాయి. 2012లో వచ్చిన 'ఈగ' చిత్రానికి ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ అవార్డు లభించింది. పిల్లలంతా ఎరిగిన ఛోటా భీమ్ 2008 నుంచి హైదరాబాదు స్టూడియోలోనే తయారవుతున్నాడు. హైదరాబాదు, బెంగుళూరు స్టూడియోలలో విదేశీ సినిమాల పని కూడా జరుగుతున్నది.

కాని ఈ పని వానమీద ఆధారపడిన సేద్యం లాంటిది. ఆర్డరు ఉంటే పని, లేకుంటే ఖాళీ. 'లైఫ్ ఆఫ్ పై' చిత్రంలో పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాదులో కూడా స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ చిత్రానికి ఆస్కారు వచ్చింది. ఆ నెలలోనే ఆ సంస్థ దివాలా పిటిషను వేసింది. 2023లో హాలీవుడ్ రచయితలు, నటులు సమ్మె చేస్తే ఆ దెబ్బ ఇక్కడి స్టూడియోల పనిమీదా పడింది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ గ్రూపు కుప్పకూలగా బెంగుళూరు, ముంబాయిలలో వేలాదిమంది వీధిన పడ్డారు. దీనికితోడు అంచుల వెంట గీతలు గీయడం, తాళ్లు చెరపడం వంటి పనులను కృత్రిమ మేధ యంత్రాలు అందుకుంటున్నాయి. కొత్తగా చేరేవారికి మొదట దొరికేవి ఈ పనులే. బటన్లు నొక్కడం మాత్రమే నేర్చినవాడికి రేపు గడ్డుకాలమే. గీయగలవాడు, కథ చెప్పగలవాడు, కదలికలో తప్పు పట్టగలవాడు ఒకచోట పని పోయినా మరోచోట నిలదొక్కుకోగలడు.

అడగవలసిన ప్రశ్నలు

అందుచేత ఏ సంస్థలోనైనా చేర్చే ముందు తల్లిదండ్రులు కొన్ని ప్రశ్నలు వేయాలి. ఇంగ్లీషు రాదని వెనకాడనక్కరలేదు; డబ్బు మనది.

నిరుడు చదివిన విద్యార్థులు స్వయంగా చేసిన పని చూపమని అడగండి. గోడకు అతికించిన పెద్ద సినిమాల బొమ్మలు ఆ సంస్థ పిల్లలు చేసినవి కాకపోవచ్చు. 'ఇందులో మీ విద్యార్థి చేసింది ఏ భాగం?' అని నిలదీయండి. వారానికి ఎన్ని గంటలు చేతితో బొమ్మ గీయిస్తారు, నేర్పేవారు స్టూడియోలో పనిచేసినవారేనా అని విచారించండి. ఉద్యోగం గ్యారంటీ అంటే ఎక్కడ, ఏ పని, ఎంత జీతం అని కాగితం మీద రాసిమ్మనండి. ఫీజంతా ఒక్కసారి కట్టవద్దు, వాయిదాలకు ఒప్పించండి. మధ్యలో మానుకుంటే ఎంత తిరిగిస్తారో ముందే తేల్చుకోండి. పాత విద్యార్థులు ఇద్దరు ముగ్గురితో స్వయంగా మాట్లాడిన తరువాతనే పొలం కాగితాలు బయటికి తీయండి.

అంతకంటే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టవచ్చు. ఆరు నెలలపాటు రోజుకు ఒక పేజీ, ఎదురుగా ఉన్నదాన్ని చూసి గీయమనండి. గొర్రెలు, బస్సు కోసం నిలబడ్డ జనం, మగ్గం ముందు కూర్చున్న నేతగాడు, ఏదైనా సరే. పాత నోటుపుస్తకం మూలల్లో బంతి ఎగరడం గీసి గబగబా పేజీలు తిప్పి చూపమనండి. ఆరు నెలల తరువాత పుస్తకం నిండి ఉంటే ఆ బిడ్డకు ఈ విద్య మీద నిజమైన ఇష్టం ఉందని అర్థం. పది పేజీల దగ్గర ఆగిపోతే అది సినిమా మోజు. ఈ పరీక్షకు ఖర్చు ఒక పెన్సిలు.

ఖరీదైన సాఫ్టువేరు కొంటేగాని నేర్చుకోలేరన్న మాటా నిజం కాదు. బ్లెండర్ అనే సాఫ్టువేరు ఎవరికైనా ఉచితం. లాత్వియా అనే చిన్న దేశానికి చెందిన దర్శకుడు దానితోనే 'ఫ్లో' అనే చిత్రం తీశాడు. వరదలో చిక్కిన ఒక పిల్లి కథ అది. ఒక్క మాట కూడా లేదు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా దానికి ఆస్కారు దక్కింది. ప్రైవేటు కోర్సు ఒక్కటే దారి కూడా కాదు. ఇంటరు తరువాత నాలుగేళ్ల ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది. హైదరాబాదులో 2008లో, కడపలో 2020లో ఇందుకోసం ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. జాతీయ డిజైన్ సంస్థలలోనూ నాలుగేళ్ల డిగ్రీ ఉంది. వీటి ప్రవేశ పరీక్షలలో బొమ్మ గీయడానికి మార్కులుంటాయి. ఆ నోటుపుస్తకం అక్కడికీ పనికివస్తుంది.

బడిలో మొదలు కావాలి

పిల్లవాడికి పద్దెనిమిదేళ్లు వచ్చాక పట్నంలో లక్షలు పోసి పెన్సిలు పట్టడం నేర్పించవలసి రావడం బడి లోపం. లెక్కల పీరియడు మిగిలిపోయిందని ముందుగా ఎత్తేసేది డ్రాయింగు పీరియడునే. నోటుపుస్తకం వెనక బొమ్మ కనిపిస్తే వాడికి దెబ్బలు. ప్రభుత్వం ప్రతి హైస్కూలుకూ డ్రాయింగు మాస్టారును ఇవ్వాలి. డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షల సంగతి పల్లె పిల్లలకు తెలియజెప్పి, వాటికి కట్టించాలి. జిల్లా విద్యాశాఖ నిమ్మలకుంట కళాకారులకు గౌరవ వేతనమిచ్చి ఏడాదికి కొన్ని రోజులు బడులకు రప్పిస్తే పిల్లలకు పాఠం, కళాకారులకు పని రెండూ దక్కుతాయి. లేపాక్షి గుడి పైకప్పు చిత్రాల్లోని తలపాగాలు, చీర అంచులు గీసుకురమ్మని పిల్లలను పంపడానికి ప్రభుత్వ ఉత్తర్వు కూడా అక్కరలేదు. ప్రధానోపాధ్యాయులు తలచుకుంటే చాలు.

ప్రభుత్వం కదిలేదాకా తల్లిదండ్రులు ఆగనక్కరలేదు. బొమ్మలు గీసే బిడ్డను బెదరగొట్టవద్దు. గీయని బిడ్డను కరపత్రం చూసి ఈ చదువులోకి తోయవద్దు. ఈ రంగంలో బిడ్డ బతుకును నిలబెట్టేది వాడి చేతిపనే. ఆ పని ఎలా ఉందో, డబ్బు కట్టేవారు ముందు తమ కళ్లతో చూసుకోవాలి.