ఎవరితోటి వచ్చినవ్?

మా చాదర్‌ఘాట్‌లో ‘రేసులకు పోతున్నా’ అంటే ఒకటే అర్థం. మలక్‌పేట గుర్రాలు. ఆ మాట మగవాడంటే ఇల్లు గుల్ల అయినట్టే. ఆడదంటే ఎవరూ నమ్మరు. 2023 ఫిబ్రవరి 11, శనివారం పొద్దున నేను హుస్సేన్‌సాగర్ దగ్గర కార్ల రేసుకు పోతున్నానంటే మా పక్కింటామె నవ్వింది. “ఎవరితోటి?” అంది. ఒక్కదాన్నే అన్నాను. “మరి సార్‌కు చెప్పినవా?”

మలక్‌పేటలో మెట్రో ఎక్కితే పక్క సీటామె నేను నుమాయిష్‌కే పోతున్నానని ఖాయం చేసుకుంది. గాంధీభవన్ దగ్గర పిల్లల్నీ సంచుల్నీ పట్టుకుని బోలెడుమంది ఆడవాళ్లు దిగిపోయారు. నేను ఖైరతాబాద్ దాకా పోయాను. నుమాయిష్ అంటే నాకూ ఇష్టమే. అయితే అక్కడికి వెళ్లే ఆడదాన్ని ఎందుకని ఎవరూ అడగరు. ఆమె దుప్పట్లు కొంటుంది, పిల్లల్ని జెయింట్ వీల్ ఎక్కిస్తుంది. గుడికి పోయినా అంతే, ఇంటిల్లిపాదికీ పుణ్యం తెస్తుంది. ఇంటికేమీ తేని సంతోషానికే మనం సంజాయిషీ చెప్పుకోవాలి. మగవాడు క్రికెట్ మ్యాచ్‌కి పోయి ఇంటికేం తెచ్చాడని ఎవరైనా అడిగారా?

గ్యాలరీలో వెనక కూర్చున్నాయన నాకు పాఠం మొదలుపెట్టాడు. “మేడమ్, వీటికి పెట్రోల్ ఉండదు, బ్యాటరీ.” 2005లో ఇండియానాపోలిస్‌లో టైర్ల గొడవతో ఆరు కార్లే పరుగెత్తి నరేన్ కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చిన రాత్రి, ఇంట్లో అందరూ పడుకున్నాక టీవీ గొంతు తగ్గించి చూసినదాన్ని నేను. ఆయనకి ఆ సంగతి చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

టీవీలో కనిపించనిది అక్కడ కనిపించింది. ఫార్ములా ఈ కార్లకి గర్జన లేదు. ఒక సన్నటి కూత, దాని వెనక టైర్లు రోడ్డును గీరే చప్పుడు. మనం రోజూ బస్సు కిటికీలోంచి చూసే రోడ్డు మీద, గోడకి జానెడు దూరంలో దూసుకుపోతుంటే కడుపులో ఏదో కదిలింది. అందరికంటే ముందు బయల్దేరిన మిచ్ ఎవాన్స్‌ని మలుపులో సొంత జట్టువాడు శామ్ బర్డే గుద్దేశాడు. ఇద్దరి రేసూ అక్కడితో సరి. చివరి ల్యాపుల్లో జాన్ ఎరిక్ వెర్న్ దగ్గర ఛార్జ్ తక్కువ, వెంటపడ్డ నిక్ కాసిడీ దగ్గర ఎక్కువ. వెర్న్ ఎక్కడ కాలు తీయాలో, ఎక్కడ తలుపు మూయాలో లెక్కేసుకుంటూ అర సెకను తేడా కూడా లేకుండా గెలిచాడు. నేను లేచి నిలబడి అరిచాను. గొంతు రెండు రోజులు రాలేదు.

ఈ మాట మన మిత్రుల దగ్గరంటే ఒకామె మొహం చిట్లించింది. “ఆ వేగం, ఆ మగతనం మనకెందుకే?” అంది. అక్కా, వేగం మగవాళ్ల పేర పట్టా అయిందని నువ్వే ఒప్పేసుకుంటే ఇంక వాళ్లతో పోట్లాడేదేముంది? స్కూటీ మీద చాదర్‌ఘాట్ వంతెన దాటుతుంటే పక్కన హారన్ కొట్టి కోసుకుపోయే కుర్రాడి పొగరు వేరు, వేగాన్ని అదుపులో పెట్టే విద్య వేరు. రెండింటినీ ఒకే మూట కట్టి మనమే బయట పారేస్తున్నాం. మనకి వంటలూ చీరలూ ఇష్టమంటే స్త్రీల సంస్కృతి, కార్లంటే భావదాస్యమా?

అక్కడంతా బాగుందనడం లేదు. ఆ ఏడాది ఫార్ములా ఈ పట్టికలో 22 మంది డ్రైవర్లు, ఒక్క ఆడది లేదు. ఫార్ములా వన్‌లో లెల్లా లొంబార్డి 1975లో స్పెయిన్‌లో తెచ్చుకున్న అర పాయింటే ఇప్పటికీ ఒక స్త్రీకి దక్కిన మొత్తం. అదీ ఘోర ప్రమాదంతో మధ్యలో ఆపేసిన రేసు కాబట్టి సగం ఇచ్చారు. కారు పక్కన గొడుగు పట్టుకుని నిలబడే అమ్మాయిలు మాత్రం 2018 దాకా ఉన్నారు. అందం చాలు, కాలు పెడల్ మీద పెట్టొద్దన్నమాట! 2022 నవంబరులో ఇదే రోడ్డు మీద మొదలైన ఇండియన్ రేసింగ్ లీగ్‌లో ప్రతి జట్టులోనూ ఒక స్త్రీ ఉండాలని నియమం పెట్టారు. నియమం పెడితే దొరికారు కదా!

రోడ్లు మూసేసినందుకు మాత్రం నేను వాదించను. చుట్టూ తిరిగి నడిచింది కార్లున్నవాళ్లు కాదు, ఇళ్లల్లో పనికి పోయే ఆడవాళ్లు. వాళ్లలో ఒకామె కంచె సందులోంచి తొంగిచూస్తుంటే పోలీసు అదిలించాడు. ఆమెకీ చూడాలనే ఉంది. వెయ్యి రూపాయల టికెట్ లేదంతే. ఆ పూట నాకున్న సిగ్గు అదొక్కటే.

2024 ఫిబ్రవరి 10న జరగాల్సిన రెండో రేసు రద్దయింది. ప్రభుత్వం మారింది. చెల్లింపుల మీద కేసులొచ్చాయి. అవి కోర్టులు చూసుకుంటాయి. రద్దయిందని పేపర్లో వచ్చిన రోజు పక్కింటామె గోడ దగ్గరికొచ్చి, “అయితే ఈసారి లేదా? నేను గూడ వద్దామనుకున్న” అంది. సార్‌కు చెప్పావా అని నేను అడగలేదు.